నెత్తురు చుక్కలు గట్టు దాటాక

అల్లుడికి,

ఫోన్లో సగమే చెప్పాను, మిగతాది రాస్తున్నాను. ట్రాక్టరు తగిలిన అడవిపంది కుంటుకుంటూ పక్క జీడితోటలోకి దూరింది, కుర్రగుంటలు కర్రలూ టార్చిలైట్లూ పట్టుకుని బయల్దేరితే నువ్వు ఆపేశావు. మంచి పని చేశావు.

మా తాతకి నాటు తుపాకి ఉండేది. 1972 వన్యప్రాణి చట్టం రాకముందు మాట. మందస కొండల వైపు వేటకెళ్తే నీళ్ళ ముంత మోసేది నేనే. దెబ్బతిన్న జంతువు పరాయి పొలంలోకి పోతే ఆయన గట్టు మీదే ఆగిపోయేవాడు. చివరి చుక్క పడ్డచోట ఓ కొమ్మ విరిచి పెట్టి, మనిషిని కాపలా ఉంచి, రైతు ఇంటికి నడిచేవాడు. రైతు వచ్చి ముందు నడిస్తేనే లోపల అడుగు పెట్టేది. జంతువు పడితే తొడ ఒకటి ఆ భూమి ఆసామిదే.

ఈలోగా పారిపోదా అని అడిగాను ఓసారి. తరిమితే ఓపికున్నంత దూరం ఉరుకుతుంది, వదిలేస్తే దగ్గరి పొదలోనే పడుకుంటుంది అన్నాడు. ఆకు మీది నెత్తురు వేలికి రాసుకుని చూపించాడు. గులాబీ రంగులో నురుగుంటే ఊపిరితిత్తులకి తగిలినట్టు, నల్లగా చిక్కగా ఉంటే కార్జానికి.

ఇప్పుడు వేటే నేరం. తొడ లెక్కా పోయింది. చచ్చిన అడవి జంతువు సర్కారు ఆస్తి. అది నీ చేతికొస్తే 48 గంటల్లో ఫారెస్టోళ్ళకో పోలీసులకో చెప్పాలి. గుంటలు కూరకి ఆశపడితే కేసు నీ మెడకి చుట్టుకుంటుంది. గట్టు దగ్గర ఆగడం మాత్రం అప్పుడెంత అవసరమో ఇప్పుడూ అంతే.

అందుకని ముందు ఫోను పక్క తోట తాతకే చెయ్యి, ఎంత రాత్రైనా సరే. తెల్లారగానే వాళ్ళావిడ జీడిపిక్కలు ఏరడానికి వెళ్తుంది. కొమ్మలు నేలకి ఆనుకున్న చెట్టు కింద దెబ్బతిన్న పంది పడుకుంటే మనిషికి కనబడదు. నాలుగడుగుల దూరంలోకి వచ్చాక లేస్తుంది, కోర సరిగ్గా తొడకి తగులుతుంది. ఆ తర్వాతే కాశీబుగ్గ ఫారెస్టు రేంజి వాళ్ళకి చెప్పు. ట్రాక్టరు తగిలిందని ఉన్నదున్నట్టు చెప్పు, దాచకు. కుక్కల్ని వదలకు. కంచె విరిగితే నువ్వే కట్టించు. ఎవరైనా కరెంటు తీగ పెడదామంటే వాణ్ణి తోటలోకే రానివ్వకు. ఆ తీగకి పందీ మనిషీ ఒకటే.

అడుగులు ఎలుగుబంటివైతే గట్టు దాకా కూడా వెళ్ళొద్దు. 2022 జూన్‌లో కిడిసింగి తోటల్లో ఎలుగు మనుషుల మీద పడి ఏం చేసిందో నీకు చెప్పక్కర్లేదు.

ఇంత చెప్తున్నానా, పాతికేళ్ళప్పుడు నేనే తప్పాను. వేరుశనగ తవ్వేసిన పందిని తరుముతూ రాత్రిపూట, చెప్పకుండా, పక్కాయన చేలో పడ్డాం, నలుగురం. పంది దొరకలేదు. చేను మాత్రం తొక్కేశాం. బావి ఉమ్మడిది, అయినా రెండేళ్ళు ఆయన నాతో మాట్లాడలేదు. నీళ్ళ వంతు నాకొచ్చినప్పుడల్లా తాడు విప్పి, చుట్ట చుట్టి, నేల మీద పెట్టి పోయేవాడు. చేతికిచ్చేవాడు కాదు.

పొద్దున్న తాత దగ్గరికి వెళ్ళేటప్పుడు మన చెట్టు పనసకాయ ఒకటి పట్టుకెళ్ళు. లేతది చూసి కొయ్యి, ఆయనకి కూరంటే ప్రాణం.

మీ మావయ్య