పనిమీద కొచ్చి వెళ్ళి, మధ్యలో ఒక సెలవు దొరికితే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఉద్యోగరీత్యా ఊళ్ళు తిరిగే పాఠకుల నుంచి ఈసారి కొచ్చి గురించిన ప్రశ్నలే ఎక్కువగా వచ్చాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా నాటక బృందం ఎర్నాకుళంలో ప్రదర్శనలకు వెళ్తోంది. సోమవారం ఆట లేదు. బస సౌత్ స్టేషన్ దగ్గర. ఆ ఒక్క రోజులో ఫోర్ట్ కొచ్చి, మట్టాంచేరి చూసి, వీలైతే అలెప్పీలో హౌస్‌బోటు కూడా ఎక్కి రావచ్చా? (రంగాలంకరణ కళాకారుడు, తెనాలి)

జవాబు: అలెప్పీని వదిలేయండి. అది ఎర్నాకుళానికి యాభై కిలోమీటర్ల పైనే. అక్కడికి పోయి వస్తే కొచ్చికి మిగిలేది సాయంత్రం ఒక్కటే, అప్పటికి చూడవలసిన తలుపులన్నీ మూసేస్తారు. మీకు సోమవారం దొరకడం అదృష్టం. మట్టాంచేరిలోని రాజభవనం, యూదుల ప్రార్థనామందిరం రెండూ ఆ రోజు తెరిచే ఉంటాయి. మూత ఉండేది ఇండో పోర్చుగీస్ మ్యూజియం ఒక్కటే.

ఉదయం ఏడున్నరకల్లా బయల్దేరండి. రోడ్డు మీద వెళ్ళొద్దు. వంతెనలన్నీ చుట్టి వెళ్ళాలి, పైగా ఆఫీసుల వేళ రద్దీ. ఎర్నాకుళం మెయిన్ జెట్టీకి ఆటోలో వెళ్ళి రాష్ట్ర జలరవాణా శాఖ బోటు ఎక్కితే ఇరవై నిమిషాల్లో ఫోర్ట్ కొచ్చి. టికెట్టు పది రూపాయలు కూడా ఉండదు. చల్లగా కూర్చుని వెళ్ళాలనుకుంటే హైకోర్టు టెర్మినల్ నుంచి వాటర్ మెట్రో బోటు ఉంది, టికెట్టు 40 రూపాయలు. ఈ ఊరిని మొదటిసారి నీటి మీంచే చూడాలి. రేవు ఎక్కడుంది, సముద్రపు నోరు (లోపలి నీళ్ళు సముద్రంలో కలిసే చోటు) ఎక్కడుంది, కోట అక్కడే ఎందుకు కట్టారు అన్నవి ఆ ఇరవై నిమిషాల్లో అర్థమైపోతాయి.

దిగగానే చీనా వలలు. రంగస్థలం మీద తెరలు ఎత్తీ దించే పని తెలిసినవారు కాబట్టి మీకు ఇవి ప్రత్యేకంగా నచ్చుతాయి. ఒడ్డున ఒక పెద్ద దూలం ఉంటుంది. దాని నీటివైపు చివర నాలుగు వంగిన కర్రలకు వల వేలాడుతుంది. నేలవైపు తాళ్ళకు బండరాళ్ళు కట్టి ఉంటాయి, ఒక్కొక్కటి ఒక్కో ఎత్తులో. మనిషి దూలం మీద నీటివైపు నడిస్తే ఆ బరువుకే వల మునుగుతుంది. కొద్ది నిమిషాల తర్వాత నలుగురైదుగురు తాళ్ళు లాగుతారు. వల పైకి లేచేకొద్దీ రాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి నేలకు ఆనతాయి. అంత పెద్ద సరంజామాను అంత తక్కువమంది ఆడించగలగడానికి ఆ రాళ్ళే కారణం. దగ్గరికి వెళ్తే "మీరూ లాగండి" అని పిలుస్తారు. వెళ్తే డబ్బు అడుగుతారు, అది వాళ్ళ బతుకుతెరువు. ఎంతో ముందే అనుకుని వెళ్ళండి.

అక్కడి నుంచి సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి నడిచేంత దూరమే. పోర్చుగీసువారు 1503లో కర్రతో కట్టి, 1516లో రాతితో పూర్తి చేశారు. 1663లో కొచ్చి డచ్చివారి చేతికి, 1795లో ఇంగ్లీషువారి చేతికి పోయినప్పుడల్లా ఈ చర్చి సంప్రదాయం కూడా మారుతూ వచ్చింది. వాస్కోడగామా 1524 డిసెంబరు 24న కొచ్చిలోనే చనిపోయాడు, ఇక్కడే పాతిపెట్టారు. తర్వాత అస్థికల్ని పోర్చుగల్‌కు తీసుకుపోయారు. ఇప్పుడున్నది సమాధి రాయి మాత్రమే. అందరూ దాని దగ్గర ఫొటో దిగి వెళ్ళిపోతారు. మీరు తల పైకెత్తి చూడండి, వరసగా గుడ్డ పంకాలు వేలాడుతుంటాయి. వాటి తాళ్ళు గోడ బయటికి పోతాయి. ఒకప్పుడు పంకా లాగే మనిషి బయట ఎండలో కూర్చునేవాడు. గోడలకు నిలబెట్టిన సమాధి ఫలకాల్లో పోర్చుగీసువి ఒకవైపు, డచ్చివి మరోవైపు ఉంటాయి. బందరులోనో భీమిలిలోనో డచ్చి సమాధులు చూసినవారికి ఆ అక్షరాల చెక్కడం వెంటనే పోలిక తెలుస్తుంది. సముద్రతీరం వైపు 1724 నాటి డచ్చి శ్మశానం ఉంది, కానీ మామూలుగా తాళం వేసి ఉంటుంది. చూడాలంటే ముందుగా ఈ చర్చివారినే అడగాలి.

పదిన్నర దాటకుండా ఆటో ఎక్కి మట్టాంచేరి చేరండి, మూడు కిలోమీటర్ల లోపే. ఇక్కడే చాలామంది రోజు పాడుచేసుకుంటారు. రాజభవనం పెద్దది కదా అని ముందు దానిలోకి వెళ్తారు. ఒంటిగంటకు బయటికొచ్చేసరికి ప్రార్థనామందిరం మధ్యాహ్న విరామానికి మూసేస్తారు, మళ్ళీ తెరిచేది మూడింటికి. కాబట్టి ముందు ప్రార్థనామందిరం, తర్వాత రాజభవనం. రెండింటికీ మధ్య అయిదు నిమిషాల నడక.

పరదేశి ప్రార్థనామందిరం 1568 నాటిది. నేలమీద నీలం, తెలుపు చీనా పలకలు పరిచారు, చేత్తో చిత్రించినవి, 18వ శతాబ్దంలో ఓడలో తెచ్చినవి. చెప్పులు బయట విడవాలి, భుజాలూ మోకాళ్ళూ కప్పి ఉండాలి. నిక్కరుతో వెళ్తే వెనక్కి పంపుతారు. తాళ్ళ బూట్లు వద్దు, ఆ రోజంతా విప్పుతూ తొడుగుతూ ఉండాలి.

రాజభవనాన్ని డచ్ ప్యాలెస్ అంటారు గానీ కట్టించింది పోర్చుగీసువారు. 16వ శతాబ్దం మధ్యలో కొచ్చి రాజుకు కానుకగా ఇచ్చారు. డచ్చివారు 1663 తర్వాత మరమ్మతులు చేయించారు, పేరు వాళ్ళదే నిలిచింది. బయటి నుంచి సాదా భవనం. లోపల రాజుగారి పడకగది గోడల నిండా రామాయణం ఉంది, పుత్రకామేష్టి దగ్గర మొదలై అయోధ్యకు తిరిగి రావడం దాకా. గది కొంచెం చీకటి. లోపలికి అడుగుపెట్టాక రెండు నిమిషాలు కదలకుండా నిలబడండి, కళ్ళు అలవాటుపడ్డాక బొమ్మలు ఒక్కొక్కటే తేలతాయి. కాషాయం, ఎరుపు, ఆకుపచ్చ ఎక్కువ. ఖాళీ అన్నదే వదల్లేదు. లేపాక్షి చిత్రాల్లో మనుషుల చుట్టూ ఉండే ఊపిరి ఇక్కడ కనపడదు, ఆ కిక్కిరిసిన నిండుదనమే కేరళ పద్ధతి. ఈ ఊళ్ళో ఒక్కటే చూసే వీలుంటే మేము ఈ గదినే చూడమంటాం. ఫొటోలు తీయనివ్వరు.

భోజనం తర్వాత బజార్ రోడ్డు వెంట ఫోర్ట్ కొచ్చికి నడిచి రండి. వెనక నీళ్ళు, ముందు రోడ్డు ఉండేలా కట్టిన పాత గోదాములు. పడవలోంచి దింపిన సరుకు నేరుగా వెనక తలుపులోంచి లోపలికి వచ్చేది. సాయంత్రం అయిదింటికి కేరళ కథకళి సెంటర్‌కు చేరండి. ప్రదర్శన ఆరింటికే అయినా గంట ముందు నుంచి ముస్తాబు చూడనిస్తారు. బియ్యప్పిండి ముద్దతో, కాగితంతో దవడ చుట్టూ చుట్టి కట్టడాన్ని దగ్గరగా కూర్చుని చూడవచ్చు. రంగస్థలం మనిషికి ఆట కన్నా ఆ గంటే విలువైనది. తిరుగు బోటు చివరిది ఎన్నింటికో ఉదయం దిగినప్పుడే టికెట్టు కిటికీ దగ్గర అడిగి పెట్టుకోండి.

ప్రశ్న: మా ఆడిట్ బృందానికి శుక్రవారం మధ్యాహ్నం, శనివారం పూర్తిగా ఖాళీ. ఏది ఎప్పుడు? (హైదరాబాదు పాఠకురాలు)

జవాబు: రాజభవనానికి శుక్రవారం సెలవు. ప్రార్థనామందిరానికి శనివారం సబ్బాతు సెలవు, శుక్రవారం మధ్యాహ్నం కూడా దాన్ని నమ్ముకోవద్దు. అంటే మీ వారంలో ప్రార్థనామందిరం కుదరదు. శుక్రవారం ఫోర్ట్ కొచ్చిలో వలలు, చర్చి, 1905 నాటి సాంటాక్రూజ్ బాసిలికా, సాయంత్రం కథకళి. శనివారం రాజభవనం, బజార్ రోడ్డు. యూదుల వీధి దుకాణాలు చూడాలంటే అదే రోజు పొద్దుండగానే వెళ్ళండి, చీకటి పడేసరికి ఆ వీధి నిర్మానుష్యమవుతుంది. ఆదివారం దొరికినవారికి ఒక మాట: చర్చిలో ఉదయం ప్రార్థనలుంటాయి, సందర్శన ఆ తర్వాతే.

ఆటో ఎక్కేటప్పుడు మరీ తక్కువ కిరాయికి ఊరంతా చూపిస్తానంటే దాని అర్థం దారిలో రెండు మూడు ఎంపోరియంల దగ్గర ఆపుతారని. మిమ్మల్ని తీసుకెళ్ళినందుకు అక్కడ వాళ్ళకు కమిషన్ ముడుతుంది. "దుకాణాలు వద్దు, నేరుగా ప్యాలెస్" అని ముందే చెప్పి, న్యాయమైన కిరాయి ఇవ్వడమే మంచిది. సగం పూట సెలవులో గంట అక్కడే పోతుంది.

ప్రశ్న: కంటైనర్ల తనిఖీకి విల్లింగ్డన్ ఐలాండ్ వస్తుంటాను. పని మధ్య మూడు గంటలు ఖాళీ ఉంటుంది. ఆ దీవిలోనే చూడదగ్గది ఏమైనా ఉందా? (విశాఖపట్నం పాఠకుడు)

జవాబు: చూడవలసింది ఆ దీవినే. అది సముద్రం ఇచ్చిన నేల కాదు, తవ్విపోసిన బురదతో చేసిన నేల. 1341లో పెరియార్ నదికి వచ్చిన వరదతో ఉత్తరాన కొడుంగల్లూరు రేవు పూడిపోయి, కొచ్చి దగ్గర నోరు తెరుచుకుందని చరిత్ర. అయినా ఆ నోటికి అడ్డంగా ఇసుక తిన్నె ఉండేది. పెద్ద ఓడలు బయటే లంగరు వేసి, సరుకును చిన్న పడవల్లోకి దింపుకోవాలి, వానాకాలంలో అదీ కుదరదు. 1920లో వచ్చిన రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజనీరు ఆ తిన్నెను తవ్వించి ఓడలదారి వేశాడు, తవ్విన మట్టితో ఈ దీవిని పోయించాడు. 1928 మే 26న ఎస్.ఎస్. పద్మ అనే ఓడ లోపలి రేవులోకి వచ్చింది. దీవికి, బ్రిస్టో వచ్చినప్పుడు మద్రాసు గవర్నరుగా ఉన్న విల్లింగ్డన్ పేరు పెట్టారు. ఆయనే వైస్రాయిగా 1933 డిసెంబరులో మీ విశాఖ రేవును ప్రారంభించాడు.

దీవిలో నౌకాదళం, పోర్టు ప్రాంతాలు ఎక్కువ. కెమెరా బయటికి తీసే ముందు బోర్డులు చూసుకోండి. ఇప్పుడు అక్కడా, మట్టాంచేరిలోనూ వాటర్ మెట్రో టెర్మినళ్ళు ఉన్నాయి. మూడు గంటల్లో మట్టాంచేరి రాజభవనం ఒక్కటి చూసి తిరిగి రావచ్చు. ఫోర్ట్ కొచ్చి కలుపుకోవద్దు.

ప్రశ్న: మెడికల్ రిప్రజెంటేటివ్‌ని. కొచ్చిలో మిరియాలు, యాలకులు బాగుంటాయని ఇంట్లో తెమ్మంటారు. మోసపోకుండా ఎలా కొనాలి? (రాజమహేంద్రవరం పాఠకుడు)

జవాబు: యూదుల వీధిలో ముస్తాబు చేసిన పెట్టెల్లో కొనవద్దు, పెట్టెకే డబ్బిచ్చినట్టవుతుంది. బజార్ రోడ్డులో బస్తాలు పెట్టుకుని తూచి ఇచ్చే దుకాణాలున్నాయి.

మిరియాల్లో తలసేరి రకమని ఎక్కువ ధర చెబుతారు. అది గింజ పరిమాణం మాట. 4.75 మిల్లీమీటర్లు, అంతకు మించిన గింజను తలసేరి గార్బుల్డ్ స్పెషల్ ఎక్‌స్ట్రా బోల్డ్ అంటారు, 4.25 దాటితే ఎక్‌స్ట్రా బోల్డ్. గార్బుల్డ్ అంటే పుల్లా దుమ్మూ లేకుండా చెరిగినది. చారుకూ పొంగలికీ అయితే మలబార్ గార్బుల్డ్ సరిపోతుంది, పెద్ద గింజకు అదనపు ధర అనవసరం. మూడు పరీక్షలు చేయండి. గింజను గోటితో నొక్కితే గట్టిగా ఉండాలి. తెల్ల రుమాలులో నలిపితే నూనె మరక పడకూడదు, పడితే మెరుపు కోసం నూనె పట్టించారని అర్థం. ఒక చెంచాడు గింజల్ని గ్లాసు నీళ్ళలో వేస్తే ఎక్కువ భాగం మునగాలి. తేలినవన్నీ బొప్పాయి గింజలే అనుకోకండి, పొల్లు మిరియాలూ తేలతాయి. తేడా నాలుకకు తెలుస్తుంది, బొప్పాయి గింజలో మిరియపు ఘాటు ఉండదు.

యాలకుల్లో మరీ పచ్చగా మెరిసేవాటిని తడి వేలితో రుద్దండి, రంగు అంటితే వదిలేయండి. ఒకటి చిదిమితే గింజలు నల్లగా, జిగురుగా అంటుకుని ఉండాలి. గోధుమరంగుకు తిరిగి పొడిపొడిగా రాలితే పాత సరుకు. దాల్చినచెక్క పలచని పొరలు పొరలుగా చుట్టుకుని, వేళ్ళతో విరిగిపోవాలి. మందంగా, ఒకే పొరగా ఉంటే అది కాసియా అనే వేరే చెక్క. జాజికాయ, జాపత్రి ఇక్కడివే, ధైర్యంగా కొనండి. కుంకుమపువ్వు మాత్రం కేరళ పంట కాదు, దానికోసం ఇక్కడ డబ్బు పెట్టకండి. అన్నీ పావుకిలో మించి వద్దు. ఒక్కోదాన్నీ రెండు కవర్లలో కట్టించకపోతే మీ శాంపిళ్ళ సంచి కూడా మిరియాల వాసన వేస్తుంది.

ప్రశ్న: భోజనం సంగతి? లావు ఎర్రన్నం మాకు సరిపడదు. (ఇద్దరు పాఠకులు)

జవాబు: అది మట్ట బియ్యం, ఉప్పుడు బియ్యం. ఆర్డరు చెప్పేటప్పుడే తెల్లన్నం అడగండి, చాలాచోట్ల రెండూ వండుతారు. కూరల్లో కొబ్బరినూనె ఉంటుంది. అది పడనివారు ఉదయం అప్పం, ఇడ్లీలతో సర్దుకుని మధ్యాహ్నం మట్టాంచేరి గుజరాతీ రోడ్డుకు వెళ్తే శాకాహారం దొరుకుతుంది. చేపల పులుసులో మన చింతపండు బదులు కుడంపులి వేస్తారు, పులుపు పొగవాసనతో ఉంటుంది. దానికోసమైనా ఒక పూట తినాలి.

వలల దగ్గర చేప కొని పక్కనే వండించుకునేటప్పుడు కిలో ధర, వండే కూలి విడివిడిగా అడిగి, కళ్ళముందు తూయించుకోండి. బిల్లు తగాదాలన్నీ ఈ రెండూ కలిపి చెప్పడం వల్లే వస్తాయి. ఇంకోటి, మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అయితే, కేరళలో ట్రాలర్లకు నిషేధం జూన్ 9 అర్ధరాత్రి మొదలై జూలై 31 దాకా ఉంటుంది. ఆ రోజుల్లో పెద్ద చేప ఖరీదెక్కువ, తాజాదనం కూడా అడిగి చూసుకోవాలి. చెరువుల్లో, కాయల్ (బ్యాక్‌వాటర్స్)లో దొరికే కరిమీను చేప అయితే నిశ్చింత.

ప్రశ్న: జూలైలో టూరు పడింది. వానలో తిరగగలమా? (కర్నూలు పాఠకుడు)

జవాబు: తిరగవచ్చు, వరస మార్చండి. రాజభవనం, ప్రార్థనామందిరం, చర్చి, కథకళి నాలుగూ కప్పు కిందివే. గాలివాన ఎక్కువైతే బోట్లు ఆపేస్తారు, కాబట్టి తిరిగి వెళ్ళాల్సిన సమయానికి రెండు గంటల ముందే ఎర్నాకుళం వైపు ఒడ్డుకు చేరిపోండి. గొడుగు కన్నా రెయిన్‌కోటు మేలు, సముద్రం పక్క గాలికి గొడుగు నిలవదు. ఫోర్ట్ కొచ్చి తీరంలో ఏ కాలంలోనూ ఈతకు దిగకూడదు. అది ఓడలు వచ్చే నోరు, ప్రవాహం బలంగా ఉంటుంది. వానాకాలంలో నీళ్ళ అంచుకు కూడా వెళ్ళకండి.

ప్రశ్న: ఆఖరి రోజు రాత్రి తొమ్మిదింటికి విమానం. సాయంత్రం ఎన్నింటి దాకా ఫోర్ట్ కొచ్చిలో ఉండొచ్చు? సామాను ఎక్కడ పెట్టాలి? (నెల్లూరు పాఠకురాలు)

జవాబు: విమానాశ్రయం నెడుంబస్సేరిలో ఉంది, ఫోర్ట్ కొచ్చికి నలభై కిలోమీటర్ల దూరం. సాయంత్రం కారులో రెండు గంటలు పట్టవచ్చు. మేమైతే నాలుగింటికి బయల్దేరమంటాం. రద్దీ తప్పించుకునే దారి ఇది: వాటర్ మెట్రోలో హైకోర్టు, అక్కడి నుంచి ఆటోలో ఎం.జి. రోడ్ మెట్రో స్టేషన్, మెట్రోలో ఆలువా, ఆలువా స్టేషన్ నుంచి విమానాశ్రయానికి ఎలక్ట్రిక్ బస్సు. సామాను ఎర్నాకుళం జంక్షన్ క్లోక్‌రూములో పెట్టాలనుకుంటే రెండు గుర్తుంచుకోండి. తాళం వేయని సంచి తీసుకోరు, రైలు టికెట్టు అడుగుతారు. విమానంలో వచ్చినవారికి అక్కడ ఇబ్బంది, కాబట్టి హోటల్ ఖాళీ చేసేటప్పుడు రిసెప్షన్‌లోనే ఉంచమనండి. అయితే హోటల్ మెట్రో లైనుకు దగ్గరలో ఉంటేనే సామాను కోసం వెనక్కి వెళ్ళడం కలిసొస్తుంది.