ఇంట్లో ప్రశాంతంగా ఉన్నానా, భయపడి ఉన్నానా?

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు. చిన్నప్పట్నుంచీ అమ్మానాన్నా నన్ను ఒక్కదాన్నే ఎక్కడికీ పంపలేదు, డిగ్రీ ఇంట్లో ఉండే చదివా, ఇప్పుడు జాబ్ కూడా ఇంట్లోంచే. నా గది, నా పుస్తకాలు, నా మొక్కలు, పెద్దగా లోటు అనిపించలేదు. పోయిన నెల పెద్దమ్మ కూతురు నాలుగు రోజులు ఎటైనా వెళ్దాం రావే అంటే రానని చెప్పేశా, ఫోన్ పెట్టగానే హమ్మయ్య అనిపించింది, రాత్రికి మాత్రం ఏడుపొచ్చింది. కొత్త నంబర్ నుంచి ఫోనొస్తే గుండె దడ. ఇది నా స్వభావమా, జబ్బా?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నవి రెండు మాటలమ్మా, ఆ హమ్మయ్య, ఆ రాత్రి ఏడుపు. ఒంటరిగా ఉండటం ఇష్టమైనవాళ్ళు చాలామంది ఉంటారు, అది జబ్బేం కాదు, దాన్ని ఎవరూ మాన్పించక్కర్లేదు. కానీ ఇష్టంతో ఇంట్లో ఉండిపోయిన మనిషి రాత్రికి ఏడవదు కదా.

భయం ఎలా పెరుగుతుందంటే, రానని చెప్పగానే గుండె తేలికవుతుంది, ఆ తేలికని మనసు బహుమతిలా గుర్తుపెట్టుకుంటుంది, దాంతో ఈసారి ఇంకా త్వరగా రానంటాం, మొదట ఊరు దాటడానికి భయం, తర్వాత వీధి దాటడానికి, చివరికి ఫోన్ ఎత్తడానికి కూడా. మనం వెళ్ళనే లేదు కాబట్టి అక్కడ ఏమీ జరగదన్న సంగతి మనసుకి తెలిసే అవకాశమే రాదు. మీకు ఫోన్ దాకా వచ్చేసింది, అందుకే ఆలస్యం చేయొద్దంటున్నా.

జపాన్‌లో దీని ముదిరిన రూపాన్ని హికికొమొరి అంటారు, సైతో తమాకి అనే సైకియాట్రిస్ట్ 1998లో రాసిన పుస్తకంతో ఆ మాట అందరికీ తెలిసింది. చదువూ ఉద్యోగమూ స్నేహితులూ అన్నీ వదిలేసి ఆరు నెలలకి పైగా ఇంట్లోనే ఉండిపోవడం అది. మీరు పని చేస్తున్నారు, మొక్కలు పెంచుతున్నారు, సాయం అడుగుతున్నారు, మీరు అంతదూరం పోలేదు.

మీ అమ్మానాన్నల మీద నాకు కోపం లేదు, ప్రేమతోనే చేశారు. కాకపోతే బ్యాంకు పనీ హాస్పిటల్ పనీ అన్నీ ఇప్పటిదాకా వాళ్ళే చూసుంటారు, వాళ్ళకి ఒంట్లో బాగోని రోజున ఆ పని ఎవరు చేస్తారని ఒకసారి వాళ్ళతోనే కూర్చుని మాట్లాడండి, గొడవలా కాదు, మామూలుగా. నన్ను పంపండి అని పర్మిషన్ అడిగేకంటే ఈ పని నేను చూసుకుంటా అంటే వాళ్ళకీ ఒప్పుకోవడం తేలిక.

మొదట చాలా చిన్నది పెట్టుకోండి, ఒక్కరే పది నిమిషాలు నడిచి రావడం లాంటిది. దడ వస్తుంది, రానివ్వండి, అది తగ్గడం మొదలయ్యేదాకా వెనక్కి తిరగకండి, అసలు గుట్టంతా అక్కడే ఉంది. వారం పాటు అదే చేసి అప్పుడు ఇంకొంచెం దూరం. ప్రయత్నించినా కాకపోతే, నిద్రా ఆకలీ పోతుంటే, సైకాలజిస్టుని కలవండి, వీడియో కాల్‌లో మొదలుపెట్టినా పర్లేదు.

ఈలోగా మీ అక్కకి ఫోన్ చేసి ఆరోజు రానని ఎందుకన్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. పది నిమిషాల నడకకి ఆవిడ తోడొస్తానంటే మాత్రం మొదటి రెండు రోజులే రానివ్వండి.