డార్సెట్ వేలంలో బిద్రీ పాన్‌దాన్: ఇంటి నుంచి పాడితే సరిపోతుందా?

మీ ప్రశ్న ఇది: మీరుండేది బర్మింగ్‌హామ్‌లో, శనివారం డార్సెట్‌లో జరిగే వేలంలో ఒక పాత బిద్రీ పాన్‌దాన్ (నల్ల లోహంలో వెండి పొదిగిన తమలపాకుల పెట్టె) ఉంది, అంత దూరం వెళ్లడం కుదరదు, ఆన్‌లైన్‌లో పాడితే ఫరవాలేదా అని. పాడొచ్చండి. కానీ లైవ్ చూస్తూ మౌస్‌తో మాత్రం పాడకండి. ఫోన్‌లో పాడండి, లేదంటే మీ ఆఖరి ధర ముందుగానే రాసిచ్చేయండి. చాలా ఏళ్లుగా ఇంగ్లండ్‌లో బిద్రీ సామాను కొంటున్నాను, దాదాపు అంతా దూరం నుంచే. ఆ అనుభవంతో చెబుతున్నాను.

లైవ్‌లో మీ తెర మీద కనిపించేది వేలం గదిలో అప్పటికే అయిపోయిన పాట. వీడియో రెండు మూడు సెకన్లు వెనకే ఉంటుంది. చిన్న ఊళ్ల వేలాల్లో గంటకు 100 నుంచి 120 లాట్లు అమ్మేస్తారు, అంటే ఒక్కో వస్తువుకు అర నిమిషం. అందులో మూడు సెకన్లు చిన్న విషయం కాదు. మన దగ్గరలా ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని ఆగి పిలుస్తారని కూడా అనుకోకండి. బాలాపూర్ లడ్డూ వేలంలోనైతే ఎదుటివాడి ముఖం చూసి ఇంకా పాడతాడో లేదో పసిగట్టొచ్చు. ఇక్కడ మనకు కనిపించేది అంకె ఒక్కటే.

ఒకసారి ఒక హుక్కా కింది పాత్ర కోసం కూర్చున్నాను. గసగసాల పూల డిజైన్, మెడ దగ్గర వెండి తీగ చెక్కుచెదరలేదు. గదిలో పాట 300 పౌండ్ల దగ్గర ఉండగా 320కి నొక్కాను. బటన్ గిర్రున తిరుగుతూనే ఉంది, అంతలోనే పాట ముగిసిందని సుత్తి కొట్టేశారు. 300కే గదిలో ఎవరికో వెళ్లిపోయింది. నేను 450 దాకా పాడటానికి సిద్ధంగా ఉన్నాను. ఫోన్ చేస్తే, ఇంటర్నెట్ పాట అందకపోతే తమకు బాధ్యత లేదని షరతుల్లోనే ఉందన్నారు. నిజమే, ఉంది. దాదాపు ప్రతి చోటా ఉంటుంది. అయినా ఇది నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది. వస్తువు పోగొట్టుకున్నది నేనే, కానీ దాన్ని అమ్మకానికి పెట్టిన మనిషికి కూడా రావలసిన డబ్బు రాలేదు కదా.

ఇంతకన్నా ఎక్కువ బాధపెట్టేది వస్తువును చేత్తో పట్టుకోలేకపోవడం. బిద్రీ అంటే ఎక్కువగా జింకు, కొంచెం రాగి. బీదర్ కోట మట్టిని నవాసాగరంతో కలిపి రుద్దితే లోహం నల్లబడుతుంది, పొదిగిన వెండి మాత్రం తెల్లగానే ఉంటుంది. ఆ నలుపు మెరవదు, కాస్త మసకగా ఉంటుంది. ఎవరో ఇంటి పాలిష్‌తో తోమేస్తే బూడిద రంగుకు తిరుగుతుంది, దాని మీద నల్ల రంగు పూసి అమ్ముతారు. ఫ్లాష్ వేసి తీసిన ఫొటోలో ఈ రెంటికీ తేడా తెలియదు. వెండి ఊడిన చోట వెండి పెయింట్ అద్దినా తెలియదు. కేటలాగ్‌లో 'వయసుకు తగ్గట్టు బాగుంది' అని రాస్తారు, దాని వల్ల మనకు తెలిసేది ఏమీ లేదు. వివరణ చివర 'ఎ.ఎఫ్.' అని ఉంటే మాత్రం ఎక్కడో దెబ్బ ఉందనే అర్థం.

అందుకే ముందు వేలం సంస్థకు ఫోన్ చేసి కండిషన్ రిపోర్ట్, అంటే వస్తువు ఏ స్థితిలో ఉందో ఆ వివరాలు అడగండి. ఊరికే ఎలా ఉందని అడిగితే బాగుందనే అంటారు. అడుగు భాగానికి, మూత లోపలి వైపుకు కిటికీ వెలుతురులో ఫొటోలు తీసి పంపమనండి. తీగ ఎక్కడెక్కడ ఊడిందో, మూత సరిగ్గా కూర్చుంటుందో లేదో, లోపలి గిన్నెలు అన్నీ ఉన్నాయో లేదో విడివిడిగా అడగండి. అయస్కాంతం పెట్టి చూడమనండి. అంటుకుంటే అది బిద్రీ కాదు, ఇనుము మీద వెండి, బంగారు తీగ అద్ది చేసే కోఫ్త్‌గరీ పని అయ్యుండొచ్చు. కేటలాగులు రాసేవాళ్లు ఈ రెంటినీ తరచూ కలిపేస్తారు. మర్యాదగా అడిగితే చాలామంది ఓపిగ్గా చూసి చెబుతారు, ఆ సంగతి కూడా చెప్పాలి.

డబ్బు సంగతి. సుత్తి ధర, అంటే పాట ఆగిన ధర, 300 పౌండ్లు అనుకోండి. కొనేవాడి కమీషన్ 25 శాతమైతే 75, దాని మీద 20 శాతం వ్యాట్ 15. బయటి వెబ్‌సైట్ ద్వారా పాడితే వాళ్లకు ఇంకో 5 శాతం దాకా, దానికీ వ్యాట్, అంటే 18. మొత్తం 408. ప్యాకింగు, రవాణా వేరే. చాలా చోట్ల వాళ్లు ప్యాక్ చెయ్యరు, కొరియర్‌ను మనమే చూసుకోవాలి, కొద్ది రోజుల్లో తీసుకెళ్లకపోతే అద్దె వేస్తారు. కాబట్టి రవాణా ఖర్చు కాక మీ చేతిలో ఉన్నది 400 అయితే 290 దగ్గరే ఆగిపోవాలి.

వెళ్లి పాడే వీలున్న బహిరంగ వేలంలో మీరు ఇంటి నుంచి పాడినా, ఆన్‌లైన్ షాపింగ్‌లోలా 14 రోజుల్లో తిప్పి పంపే హక్కు ఉండదు. గది లేకుండా ఆన్‌లైన్‌లోనే గడువు పెట్టి జరిపే వేలాలకు ఆ హక్కు ఉండొచ్చు, అది కూడా అమ్మేది వ్యాపారి అయితేనే.

ఫోన్ బిడ్ అయితే మీ లాట్‌కు కాస్త ముందు వాళ్ల మనిషే మీకు ఫోన్ చేస్తుంది. గదిలో పాట ఎంతకొచ్చిందో చెబుతూ మీ తరఫున చెయ్యెత్తుతుంది. మీరు లైన్‌లో ఉన్న సంగతి వేలం నడిపేవాడికి కళ్లముందే కనిపిస్తుంది కాబట్టి మిమ్మల్ని దాటి సుత్తి కొట్టడం అంత సులువు కాదు. మరీ తక్కువ అంచనా ఉన్న లాట్లకు కొందరు ఈ సౌకర్యం ఇవ్వరు. అప్పుడు ఆఖరి ధర రాసిచ్చే పద్ధతి వాడండి, వాళ్లు అవసరమైన మేరకే పాడతారు. ఇద్దరు ఒకే ధర రాసిస్తే ముందు ఇచ్చినవాళ్లదే పైచేయి, కాబట్టి ఆలస్యం చెయ్యకండి.

శనివారం వేలానికి శుక్రవారం మధ్యాహ్నం తర్వాత రిపోర్టులు, ఫోన్ బుకింగులు ఆపేసేవాళ్లే ఎక్కువ. గురువారం పొద్దున్నే ఫోన్ చెయ్యండి. ఫొటోలు వచ్చాక ఇక్కడ పెడితే నలుపు ఎలా ఉందో నేనూ చూసి చెబుతాను.