ఏసీ రిపేర్‌కి లోన్ తీసుకునే ముందు ఓ చెంబు నీళ్లు పోసి చూడండి

ఒక రీడర్ పంపిన మెసేజ్ ఇది, కుదించి పెడుతున్నా: "సార్, నా కారు కొని ఏడేళ్లు. రోడ్డు మీద స్పీడ్‌లో ఉంటే ఏసీ బానే వస్తుంది, సిగ్నల్ దగ్గర ఆగితే వేడి గాలి. మెకానిక్ చూసి కంప్రెసర్ పోయింది మార్చాల్సిందే అన్నాడు, ఖర్చు నా నెల జీతంలో ముప్పావు వంతు. చేతిలో అంత లేదు. మ్యూచువల్ ఫండ్స్‌లో నెలనెలా వేస్తున్నా కానీ వాటిని కదపాలని లేదు. లోన్ యాప్‌లో 12 నెలల ఈఎంఐకి అప్రూవ్ అయింది. లేదంటే గేజ్ సెట్ (గ్యాస్ ప్రెషర్ కొలిచేది), గ్యాస్ క్యాన్లు ఆన్‌లైన్‌లో కొని ఇంట్లోనే నింపేయనా? రెండిట్లో ఏది బెటర్?"

రెండూ వద్దండి. మీకు సపరేట్‌గా మెసేజ్ పెట్టకుండా ఇక్కడ రాస్తున్నానంటే కారణం ఉంది, ఏం పోయిందో తేలకముందే అప్పు తెచ్చేసుకోవడం అనే తప్పు నా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామంది చేస్తున్నారు, ఇవాళ కారు, రేపు ఫ్రిజ్, ఎల్లుండి ఇంకోటి.

మీరు రాసిన దాన్ని మీరే ఇంకోసారి చదవండి. కారు కదులుతుంటే చల్లగా ఉంది, ఆగితే వేడి. కంప్రెసర్ అంటే ఏసీ గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపు, అది పూర్తిగా పోతే కారు ఎంత స్పీడ్‌లో పోయినా చల్లగాలి రాదు కదా. కారు కదిలినప్పుడు ముందు నుంచి గాలి కొట్టి కండెన్సర్, అంటే ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ, చల్లబడుతుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చెయ్యాలి, కాబట్టి ముందు అనుమానించాల్సింది ఫ్యాన్‌ని. గ్యాస్ తగ్గినా, కంప్రెసర్ వీక్ అయినా బండి ఆగి ఇంజిన్ నడుస్తున్నప్పుడు కూలింగ్ తగ్గుతుంది, అది నేనూ ఒప్పుకుంటా, అందుకే టెస్ట్ చేసి చూడమంటున్నా.

కారు ఆరుబయట పెట్టండి, మూసిన షెడ్‌లో మాత్రం ఇంజిన్ వెయ్యొద్దు. ఏసీ ఫుల్‌లో పెట్టి బానెట్ ఎత్తండి. చాలా కార్లలో కాసేపట్లో ముందున్న ఫ్యాన్ తిరగడం మొదలవ్వాలి. చెయ్యి, చున్నీ, లూజ్ చొక్కా ఏదీ దాని దగ్గరికి పోనివ్వకండి, అది ఎప్పుడు తిరుగుతుందో చెప్పలేం. తర్వాత కంప్రెసర్ వైపు చూడండి. బెల్ట్ ఉన్న పుల్లీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, క్లచ్ (పుల్లీకి కంప్రెసర్‌ని కలిపే భాగం) ఉన్న రకమైతే మీరు చూడాల్సింది దాని ముందున్న గుండ్రటి ప్లేట్‌ని, ఏసీ వెయ్యగానే టక్ మని అతుక్కుని అది కూడా తిరగాలి. తిరుగుతోందా, అయితే కంప్రెసర్ చచ్చిపోయిందనే మాట తొందరపడి అన్నదే. ఇప్పుడు ముందు గ్రిల్‌లోంచి కండెన్సర్ మీద మాత్రమే చెంబుతో నీళ్లు పొయ్యండి, ఇంజిన్ మీద కాదు. కారు లోపల గాలి చల్లబడితే కండెన్సర్‌కి గాలి ఆడట్లేదని అర్థం. కండెన్సర్ రెక్కల మధ్య మట్టి, పురుగులు ఇరుక్కుని ఉంటే మామూలు పైపు నీళ్లతో కడగండి, ప్రెషర్ జెట్ పెడితే రెక్కలు వంగిపోతాయి.

ఫ్యాన్ అసలు తిరగకపోతే ఇంజిన్ ఆపి ఫ్యూజ్ చూడండి, ఫ్యాన్‌కి కరెంటు కలిపే రిలే (చిన్న స్విచ్ డబ్బా) ఉంటుంది, అదే నంబరున్నది ఇంకోటి ఉంటే, హారన్‌దో మరొకటో, మార్చి పెట్టి చూడండి. మళ్లీ ఇంజిన్, ఏసీ వేసినప్పుడు ఫ్యాన్ కనెక్టర్ దగ్గర మల్టీమీటర్‌లో 12 వోల్టులు వస్తున్నా ఫ్యాన్ తిరగట్లేదంటే మోటర్ పోయినట్టే. ఫ్యూజ్ అయినా మోటర్ అయినా కంప్రెసర్ కంటే చాలా చిన్న ఖర్చు. కానీ ఆలస్యం చెయ్యకండి, చాలా కార్లలో రేడియేటర్‌కీ ఇదే ఫ్యాన్, టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే ఇంజిన్‌కే ముప్పు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లున్నవాళ్లు మాత్రం ఆరెంజ్ వైర్ల జోలికి పోవద్దు, వాటిలో హై వోల్టేజ్ కరెంట్ ఉంటుంది.

గ్యాస్ క్యాన్ల సంగతి. గ్యాస్ పెట్రోల్ లాగా ఖర్చయిపోదండి, తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉంది, పైపు జాయింట్ దగ్గర జిడ్డుగా దుమ్ము అంటుకుని ఉంటే అక్కడే అనుకోవచ్చు. చాలా కార్ల ఏసీల్లో ఉండే ఆర్134ఏ అనే గ్యాస్ మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది, చేతి మీద చిమ్మితే చర్మం గడ్డకట్టుకుపోతుంది. కొత్త కార్లలో వాడే ఆర్1234వైఎఫ్‌కి నిప్పంటుకునే గుణం కూడా ఉంది. పైగా బానెట్ కింద స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములు రాసుంటే సరిగ్గా అంతే తూచి ఎక్కించాలి, సిస్టమ్ విప్పితే ముందు పంపుతో లోపలి గాలి, తేమ లాగేసి వాక్యూమ్ పట్టాలి, ఎక్కువైతే బాగున్న కంప్రెసర్ కూడా పాడవుతుంది. ఆ పని మాత్రం మెషీన్ ఉన్నవాళ్లకే ఇవ్వండి. గేజ్ సెట్‌కి పెట్టే డబ్బుతో ఇంకో మెకానిక్‌కి చూపించి రాతపూర్వకంగా ఎస్టిమేట్ తీసుకోవచ్చు.

ఇక ఆ లోన్ యాప్. నాకు నిజంగా కోపం వస్తుంది, ఏసీ లేకపోతే కిటికీ దించుకుని నాలుగు రోజులు తిరగొచ్చు, దానికి ఏడాది అప్పా? 12 శాతం అని చూపిస్తారు, అది ఫ్లాట్ రేటా కాదా చూశారా? మీరు నెలనెలా అసలు కడుతున్నా మొదటి రోజు మొత్తం మీదే ఏడాదంతా వడ్డీ వేస్తే అసలు రేటు 21 శాతం దాటుతుంది, ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసేస్తే ఇంకా ఎక్కువ. క్రెడిట్ కార్డ్ మీద తిప్పుదామనుకుంటే నెలకి 3 శాతం వడ్డీ వేసినా చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం పైనే. కారు బీమా మామూలుగా అరుగుదలకి, మెకానికల్ రిపేర్లకి ఇవ్వదు, ఆ ఆశ పెట్టుకోకండి.

మీ అసలు సమస్య ఏసీ కాదండి. నెలనెలా ఇన్వెస్ట్ చేస్తున్న మనిషి దగ్గర ఒక రిపేర్‌కి సరిపడా డబ్బు చేతిలో లేదు, అది సమస్య. ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలని నేను ఎప్పుడూ చెప్తా, ఆరు అనగానే భయపడి ఒక్కటీ మొదలుపెట్టరు. ముందు ఒక్క నెల ఖర్చు జమ చెయ్యండి. అప్పటిదాకా ఫండ్స్‌లో కొత్తగా వెయ్యడం ఆపండి, అవును, ఆపమనే అంటున్నా, మార్కెట్ ఎక్కడికీ పోదు. సేవింగ్స్‌లో వేరే అకౌంట్ తెరిచి, జీతం పడిన మర్నాడే అందులోకి ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టండి, దాని కార్డ్ పర్స్‌లో పెట్టుకోవద్దు. కారుకి విడిగా ఇంకో చిన్న మొత్తం: పోయిన ఏడాది టైర్లు, సర్వీస్, బ్యాటరీ, బీమా అన్నీ కలిపి ఎంతయిందో లెక్కేసి పన్నెండుతో భాగించండి, నెలకి అంత. ఏడేళ్ల కారు రిపేర్‌కి రావడం అనుకోని ఖర్చేం కాదు, ఎప్పుడొస్తుందో తెలియదంతే.

ఇన్ని టెస్టులూ అయ్యాక నిజంగా కంప్రెసరే అని తేలితే ఫండ్స్‌లోంచి కావల్సినంత అమ్మండి, ఎగ్జిట్ లోడ్ (ముందుగా అమ్మితే ఫండ్ కోసే ఫీజు), ట్యాక్స్ చూసుకుని. లోన్ ఇంకా తీసుకోకపోతే ఆ అప్లికేషన్ ఇవాళే క్యాన్సిల్ చెయ్యండి. డబ్బు అకౌంట్లో పడిపోయి ఉంటే ముట్టుకోకుండా అగ్రిమెంట్ తీసి, పెనాల్టీ లేకుండా తిరిగిచ్చే గడువు ఏమైనా ఉందేమో చూడండి, ఉంటే ఆ గడువులోపు కట్టేసి బాకీ ఏమీ లేదని నో డ్యూస్ లెటర్ తీసుకోండి.