క్యాన్సర్ ఆపరేషన్‌కి ముందు గుడ్డు, పప్పు మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మకు 60 ఏళ్లు, శ్రీకాకుళం జిల్లాలో ఉంటుంది. ఎప్పటినుంచో అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే అలవాటు. అంగిట్లో క్యాన్సర్ అని తేలింది. 3 వారాల్లో ఆపరేషన్. నమలలేక గంజి, జావ మీదే ఉంటోంది. 3 నెలల్లో 48 కిలోల నుంచి 41కి వచ్చేసింది. షుగర్‌కి మాత్రలు వాడుతోంది. పుండు చీము పడుతుందని పప్పు, గుడ్డు, పాలు, వంకాయ ఇప్పటినుంచే మాన్పించాం. తెలిసినవాళ్లు ఇచ్చిన కషాయం కూడా పట్టిస్తున్నాం. ఆపరేషన్ అయ్యాక ఈ పథ్యం ఎన్నాళ్లు చేయించాలి?

జవాబు: ఒక్క రోజు కూడా వద్దు. మీరు పథ్యం గురించి అడిగారు గానీ, నన్ను కంగారు పెట్టింది ఆ 7 కిలోలు. ఉన్న బరువులో దాదాపు ఏడో వంతు 3 నెలల్లో పోయిందంటే ఒంట్లో కండ కరుగుతోందని అర్థం. ఇలాంటివాళ్లకు కుట్లు విడిపోవడం, ఇన్‌ఫెక్షన్ రావడం ఎక్కువ. ఈ సంగతి మీ సర్జన్‌కి తెలుసా? ఈ వారమే చెప్పండి, అడ్మిషన్ రోజు దాకా ఆగకండి. అవసరమైతే ముక్కులోంచి గొట్టం వేసి 7 నుంచి 14 రోజులు ఆహారం ఎక్కించి, ఆ తర్వాతే ఆపరేషన్ చేద్దామని ఆయన అనొచ్చు. అంటే ఒప్పుకోండి. మీ అంతట మీరు మాత్రం తేదీ వాయిదా వేయించకండి.

చీము పట్టేది క్రిముల వల్ల. వంకాయ పాపం ఏం చేసింది? పుండు పూడాలంటే కొత్త కండ పుట్టాలి, దానికి ముడిసరుకు ప్రొటీన్. మీరు సరిగ్గా దాన్నే ఆపేశారు. గంజితో షుగర్ పెరుగుతుంది తప్ప ప్రొటీన్ దాదాపు రాదు. వార్డులో ఓ పెద్దావిడ కుట్లు ఊడిన రోజు నేనే ఆమె క్యారేజీ మూత తీసి చూశాను. మూడు గిన్నెల్లోనూ చారన్నమే. కూతురు ప్రేమగా, నియమంగా 10 రోజులు అదే పెట్టింది. ఆ అమ్మాయిని ఏమనగలను?

కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ లెక్కన మీ అమ్మగారికి 50 - 60 గ్రాములు కావాలి. కిడ్నీ పరీక్షలు బాగుంటేనే ఈ లెక్క. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటుంది. మెత్తగా మెదిపిన పెసరపప్పు, పాలతో కాచిన రాగిజావ, పెరుగు, ముళ్లు తీసి నలిపిన చేప, ఏదైనా పర్వాలేదు. కారం తగ్గించి, గోరువెచ్చగా, 2 గంటలకోసారి కొంచెం కొంచెం పెట్టండి. ఇన్నాళ్లు సరిగా తినని మనిషికి ఒక్కసారిగా దట్టించడం కూడా ప్రమాదమే, రక్తంలో లవణాలు తలకిందులవుతాయి. డైటీషియన్ చెప్పినట్టు మెల్లగా పెంచండి.

చుట్ట మానేశారని మీరు ఎక్కడా రాయలేదు. మానకపోతే ఈ పూటే మాన్పించండి. పొగ వల్ల రక్తనాళాలు ముడుచుకుపోతాయి, పుండుకు రక్తం చాలదు. 4 వారాల ముందే మానితే మంచిది, ఆ గడువు దాటింది కాబట్టి ఇప్పుడైనా సరే.

ఇక ఆ కషాయం. అందులో ఏముందో మీకు తెలియదు, నాకూ తెలియదు. కొన్ని మూలికలతో రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది, కొన్నిటితో షుగర్ పడిపోతుంది. ఆపండి. అలాగని షుగర్ మాత్రలు కూడా సొంతంగా ఆపేయకండి! వాటిలో కొన్నిటిని ఆపరేషన్‌కి 3, 4 రోజుల ముందే నిలపాలి, అది మత్తు డాక్టర్ చెబుతారు. ఎన్ని గంటల ముందు నుంచి తిండి, నీళ్లు మానాలో కూడా ఆయన్నే అడగండి. సాధారణంగా తిండికి 6 గంటలు, మంచినీళ్లకు 2 గంటలు చాలు. భయంతో ముందురోజు మధ్యాహ్నం నుంచే కడుపు మాడ్చకండి.

మనిషిని చూడకుండా రాస్తున్న సలహా ఇది, చివరి మాట మీ సర్జన్‌దే. ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రల అట్టలు, ఆ కషాయం సీసా రెండూ సంచిలో వేసుకెళ్లండి.