వియత్నామీస్ మాట్లాడేవాళ్ళకి ఇంగ్లీష్ ‘వెన్’ దగ్గర చిక్కెందుకు?

అర్థంలో చిక్కేమీ లేదు, ‘ఎప్పుడు’ అనడానికి వాళ్ళకీ ‘బావ్ జో’ అనే మాట ఉంది. తేడా అంతా అది వచ్చే చోటులోనే. వియత్నామీస్‌లో క్రియ కాలాన్ని బట్టి మారదు, అందుకని ‘బావ్ జో ఆన్ డి?’ అని ముందు పెడితే ‘ఎప్పుడు వెళ్తావు’ అని, ‘ఆన్ డి బావ్ జో?’ అని చివర పెడితే ‘ఎప్పుడు వెళ్ళావు’ అని అర్థమవుతుంది. ఎంత చక్కటి ఏర్పాటో!

ఇంగ్లీష్ ప్రశ్నలో మాత్రం వెన్ మామూలుగా ముందే వస్తుంది, కాలం సంగతి డిడ్, విల్ చూసుకోవాలి. అవి అలవాటు లేక ‘యూ గో వెన్?’ అనో ‘వెన్ యూ గో?’ అనో అనేస్తారు, వినేవాళ్ళకి ఎప్పుడు వెళ్ళావని అడుగుతున్నారా ఎప్పుడు వెళ్తావని అడుగుతున్నారా అన్నది తేలదు. మనకి వెళ్ళావు, వెళ్తావు అని క్రియలోనే తెలిసిపోతుంది కాబట్టి ఈ రకం ఇబ్బంది తక్కువ.

వాళ్ళకి ఇంగ్లీష్ చెప్పేవాళ్ళు వెన్‌ని ఒంటరిగా నేర్పొద్దు. చివర వచ్చే బావ్ జోకి ‘వెన్ డిడ్ యూ’, ముందు వచ్చేదానికి ‘వెన్ విల్ యూ’ అని ముక్కలు ముక్కలుగా కాకుండా కలిపి నోటికి పట్టించండి. డిడ్ తర్వాత వెంట్ రాదు, గో అనే ఉంటుంది, క్రియ మార్చే అలవాటు లేనివాళ్ళకి ఇది నిజంగా తేలిక.