గుమాస్తా చెవిన పడ్డ పేరు

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు పంపిన మొదటి అధ్యాయం రెండుసార్లు చదివాను. పిట్స్‌బర్గ్‌లో కాపురముంటూ, మీవారి ముత్తాతగారి కథ, అదీ తెలుగులో రాయాలనుకోవడం నాకు చాలా నచ్చింది. ఎక్కడో క్రొయేషియాలో, కార్లొవాట్స్ పట్నం దగ్గర పల్లెలో పుట్టి, మీ ఊరి ఉక్కు మిల్లులో పనిచేసి పోయిన మనిషి. సొంత మనవలే పట్టించుకోని ఆయన్ని మనింటి ఆడపిల్ల వెతుకుతోందంటే సంతోషంగా ఉంది. అందుకే మొహమాటపడకుండా రాస్తున్నాను.

ముందు ఆ మొదటి సీను తీసెయ్యి. ఓడ దిగగానే, న్యూయార్క్ రేవులో వలస వచ్చినవాళ్లను తనిఖీ చేసే ఎల్లిస్ ఐలండ్‌లో, ఆఫీసరు నోరు తిరగక ఆయన పేరు కోసేసి కొత్త పేరు పెట్టాడని రాశావు. అమెరికాలో ప్రతి వలస కుటుంబమూ ఈ కథ చెప్పుకుంటుంది, కానీ జరిగింది అది కాదు. ప్రయాణికుల జాబితా ఓడ బయల్దేరిన రేవులోనే, ఓడ కంపెనీ గుమాస్తాలు రాసేవాళ్లు. ఎల్లిస్ ఐలండ్ ఆఫీసర్లు ఆ జాబితా ముందు పెట్టుకుని మనిషిని సరిచూసుకునేవాళ్లు, అంతే. పేర్లు మారింది ఆ తర్వాత, మిల్లు జీతాల పుస్తకంలో, పిల్లల బడిలో. చాలాసార్లు తమంతట తామే మార్చుకున్నారు. ఇవాన్ జాన్ అయ్యాడు, స్ట్యెపాన్ స్టీవ్ అయ్యాడు, యురాయ్ జార్జ్ అయ్యాడు.

ఈ తప్పు నేనూ చేశాను. మా ముత్తాత రంగూన్ వెళ్లాడు. అక్కడ మనవాళ్లను కోరంగీలనేవారు, కోరంగి రేవు నుంచి వచ్చారని. ఓడరేవు గుమాస్తా మా ముత్తాత ఇంటిపేరు పాడుచేశాడని నా మొదటి పుస్తకంలో ఒక పేజీ నిండా రాశాను. పుస్తకం అచ్చయిన ఏడేళ్లకు మా పెద్దత్త ట్రంకుపెట్టెలో ఆయన రాసిన ఉత్తరం దొరికింది. కింద సంతకంలో ఆ పేరు ఆయనే, తన చేత్తోనే, అలాగే రాసుకున్నాడు. ఎందుకు మార్చుకున్నాడో నేను అడగనేలేదు, గుమాస్తా మీద నెట్టేశాను. ఆయన కథలో అసలు సంగతి అదే అయ్యుండొచ్చు. ఆ బాధ నాకిప్పటికీ ఉంది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. నీ చేతికొచ్చే ప్రతి కాగితం వెనకా ఒక గుమాస్తా ఉంటాడు. అతను ఏదో ప్రశ్న అడిగాడు, వీళ్లు ఏదో చెప్పారు, అతని చెవికి ఏది వినిపిస్తే అది రాశాడు. నువ్వు వెతకాల్సింది ఆ రాతకు అవతల ఈయన చెప్పిన మాట.

పుట్టిన దేశం సంగతే చూడు. ఒక కాగితంలో ఆస్ట్రియా, ఒకదాంట్లో హంగరీ, ఇంకోదాంట్లో యుగోస్లావియా అని ఉందని, ముగ్గురు వేరే మనుషులేమోనని టెన్షన్ పడుతూ రాశావు. మనిషి ఒక్కడే అయ్యుండొచ్చు. 1918 దాకా ఆ నేలంతా ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం. సముద్రతీరపు డాల్మేషియా ఆస్ట్రియా కింద, మీవాళ్ల లోపలి ప్రాంతం హంగరీ కింద ఉండేవి. తర్వాత సెర్బులు, క్రోట్లు (అంటే క్రొయేషియావాళ్లు), స్లొవీన్ల రాజ్యం వచ్చింది, 1929లో దాని పేరు యుగోస్లావియా అయింది. క్రొయేషియా స్వతంత్రం ప్రకటించుకున్నది 1991లో. పల్లె ఉన్నచోటే ఉంది. అమెరికా ఇమిగ్రేషన్ లెక్కల్లోనైతే 1899 నుంచి క్రోట్లనూ స్లొవీన్లనూ కలిపి ఒకే గడిలో వేశారు. కాబట్టి దేశాన్ని పట్టుకుని వెతక్కు, ఊరిని పట్టుకో.

ఓడ జాబితాలో నువ్వు ఎడమ పేజీ ఒక్కటే చూసినట్టున్నావు. ఆ రోజుల జాబితా రెండు పేజీల వెడల్పు ఉంటుంది. కుడి పేజీ తెరువు. చేతిలో ఎన్ని డాలర్లున్నాయి, టికెట్ డబ్బు ఎవరు కట్టారు, ఎవరి దగ్గరికి వెళ్తున్నారు, ఎత్తు, కళ్ల రంగు, పుట్టిన ఊరు, అన్నీ అక్కడుంటాయి. ఎడమ పేజీ చివర, స్వదేశంలో ఉన్న దగ్గరి బంధువు పేరు కూడా ఉంటుంది, 1907 తర్వాతి జాబితాలైతే. ఆయన కార్పేథియా ఓడలో వచ్చాడని మీ మామగారు అంటారని రాశావు కదా. కునార్డ్ కంపెనీ 1903 నుంచి ఫ్యూమే రేవుకూ న్యూయార్క్‌కూ మధ్య ఓడలు నడిపింది, ఆ ఫ్యూమేనే ఇప్పటి రియేకా. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగినప్పుడు బతికినవాళ్లను ఎక్కించుకున్న కార్పేథియా అప్పుడు ఆ దారినే వెళ్తోంది. కథకు ఎంత అందంగా అతుకుతుందో నాకు తెలుసు. కానీ చాలామంది క్రోట్లు రైల్లో ల హావ్‌ర్‌కో, బ్రెమెన్‌కో, హాంబర్గ్‌కో వెళ్లి అక్కడ ఓడెక్కారు. జాబితాలో ఆయన పేరు కనబడేదాకా ఆయన్ని ఆ ఓడ ఎక్కించకు.

ఇక్కడ నీకొక్కదానికే అందే సంగతి ఒకటుంది. 'ఎవరి దగ్గరికి' అన్న గడిలో 'బ్రదర్ ఇన్ లా' అని ఉందన్నావు. ఇంగ్లీషులో దానికి ఒకటే మాట. కానీ ఈయన తన భాషలో ఆ మాట అని ఉండడు. భార్య తమ్ముడైతే షూర్యాక్, భార్య అక్కచెల్లెలి మొగుడైతే పాషానాట్స్ అంటారు వాళ్లు. మన బావమరిది, మన తోడల్లుడు! మేనమామ ఊయాక్, తండ్రి అన్నదమ్ములు స్ట్రీట్స్. గుమాస్తా ఒక్క మాటలో కుక్కేసిన చుట్టరికాన్ని నువ్వు మళ్లీ విడదియ్యాలి. ఆ మనిషి ఏ వరసో తేలితే పెళ్లి ఎప్పుడైందో, భార్య ఏ ఊరిదో ఆచూకీ దొరుకుతుంది. ఇంగ్లీషులో రాసేవాళ్లకు ఈ ప్రశ్నే తట్టదు. తెలుగు తెలిసినదానివి కాబట్టి నీకు తట్టాలి.

ఊరు తెలిశాక చర్చి పుస్తకాలకు వెళ్లు. బాప్తిస్మం, పెళ్లి, చావు, వీటి రిజిస్టర్లు చాలావరకు ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో స్కాన్ చేసి పెట్టారు. కొన్ని లాటిన్‌లో, కొన్ని క్రొయేషియన్‌లో ఉంటాయి. వాటికన్నా విలువైనది 'స్టాటుస్ అనిమారుమ్', అంటే ఆత్మల స్థితి. ఇంటింటికీ విడిగా, ఆ గడపలో ఎవరెవరున్నారో చర్చి ఫాదర్ రాసుకునే పుస్తకం అది. ఒక్కో ఊళ్లో సగం మందికి ఒకే ఇంటిపేరు ఉంటుంది, తికమకపడకు. అందుకే ప్రతి ఇంటికీ ఇంకో పిలుపు పేరు ఉండేది. ముసలివాళ్లను అడగాల్సింది ఆ పేరే.

ఎందుకు వచ్చాడన్నదానికి నువ్వు 'పేదరికం' అని ఒక్క మాటతో సరిపెట్టావు. అది చాలదు. వాళ్లకు జాద్రుగా అని ఉమ్మడి కుటుంబం ఉండేది. ఒకే కప్పు కింద అన్నదమ్ముల సంసారాలన్నీ, భూమంతా ఉమ్మడి. 19వ శతాబ్దం రెండో సగంలో అవి విడిపోయి, పొలాలు ముక్కలై, ఒక్కో వాటా ఒక్క కుటుంబాన్ని పోషించలేని స్థితికొచ్చింది. అదే రోజుల్లో ఫిలాక్సెరా పురుగు పడి ద్రాక్షతోటలు ఎండిపోయాయి. పంపకాల్లో గట్టు దగ్గర నిలబడ్డ తమ్ముడి మొహం ఎలా ఉంటుందో నీకు ఎవరూ చెప్పక్కర్లేదు, మీ తాతగారి ఊళ్లో చూసే ఉంటావు. ఇలా ఊరొదిలి పోవడాన్ని వాళ్లు 'త్ర్బుహొమ్ జా క్రుహొమ్' అంటారు, రొట్టె వెంట కడుపుతో పోవడమని. మనం పొట్ట చేత పట్టుకుని వెళ్లాడంటామే, అదే. ఆ అధ్యాయానికి ఆ మాటే పేరు పెట్టుకో.

1910 జనాభా లెక్కల పేజీ పంపావు చూడు, అందులో నువ్వు ఆయన గీత ఒక్కటే చదివావు. పేజీ అంతా చదువు. ఒకే ఇంట్లో పదకొండుమంది బోర్డర్లు, అంటే డబ్బిచ్చి అక్కడే తిని పడుకునేవాళ్లు, అందరూ మిల్లు కూలీలు. పగటి షిఫ్టువాడు లేచిన మంచం మీదే రాత్రి షిఫ్టువాడు పడుకునే రోజులవి. ఆ ఇంటి ఇల్లాలికి ఇరవై మూడేళ్లు, ఇద్దరు పిల్లలు. పన్నెండుమంది మగవాళ్లకు వండి, మసి బట్టలు ఉతికి, నీళ్లు కాచిన ఆ పిల్ల పేరు ఎదురుగా వృత్తి గడిలో గుమాస్తా ఏం రాశాడు? 'ఏమీ లేదు' అని. ఆమెకు నీ పుస్తకంలో కనీసం పది పేజీలు కావాలి.

ఊళ్లో వదిలి వచ్చిన భార్య సంగతి కూడా. మొగుడు బతికే ఉన్నా ఒంటరిగా మిగిలిపోయిన ఆడవాళ్లను అక్కడ తెల్ల విధవలనేవారు. నీ అధ్యాయంలో ఆమె ఊసే లేదు. ఆమె కోసం ఒక చోట వెతుకు. క్రోట్ల సహాయ సంఘం 1894లో మీ ఊళ్లోనే, అప్పట్లో అల్లెఘేనీ అనే విడి పట్నంగా ఉన్న భాగంలో, పుట్టింది. ఇప్పటి క్రొయేషియన్ ఫ్రాటర్నల్ యూనియన్ అదే. సభ్యుడు పోతే బీమా డబ్బు ఇంటివాళ్లకు ఇచ్చేవాళ్లు. డబ్బు ఎవరికి చెందాలో ఆయన ఒక పేరు చెప్పి ఉంటాడు. అది ఊళ్లో ఉన్న భార్యదా, తల్లిదా, పిట్స్‌బర్గ్‌లో ఇంకెవరిదైనానా? ఏది దొరికినా ఉన్నదున్నట్టు రాయి. మీవారి కుటుంబానికి ఇబ్బందనిపిస్తే ముందు వాళ్లకు చెప్పి, ఒప్పించి రాయి. దాచిపెట్టి మాత్రం రాయకు.

మీ పక్కనే మిల్‌వేల్‌లో ఉన్న క్రోట్ల చర్చి, సెయింట్ నికొలస్‌కి ఇంకా వెళ్లలేదన్నావు. పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తూనే ఉంటావు కదా, ఒక ఆదివారం అటు కూడా వెళ్లు. 1937లోనూ 1941లోనూ క్రొయేషియన్ చిత్రకారుడు మాక్సో వాంకా వేసిన గోడ బొమ్మలున్నాయక్కడ. వాటిలో ఒకటి, పనిలో చనిపోయిన కొడుకు చుట్టూ చేరి ఏడుస్తున్న తల్లులది. నోటుబుక్కు తియ్యకుండా కాసేపు కూర్చో.

చివరగా, పౌరసత్వం దరఖాస్తు. 1906 తర్వాతివైతే పుట్టిన తేదీ, ఊరు, ఓడ, భార్యాపిల్లల పేర్లు అన్నీ అడిగేవాళ్లు. నువ్వు పంపిన కాపీలో టైపు చేసిన పేరు చివర 'క్' ఉంది. కింద సంతకం పెద్దది చేసి చూశాను. వణుకుతూ, గీత దాటుతూ, చివరి అక్షరం మీద చిన్న గీతతో 'ఇచ్' అని స్పష్టంగా రాశాడు. ఇన్ని కాగితాల్లో ఆయన చెయ్యి పడింది ఆ ఒక్కచోటే. ఓడ దగ్గర కాదు, ఆ సంతకం దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు